బావి గోడకు గంజి

ఊరి పేరు జాల్. న్యూ మెక్సికో కొసన,
ఉమ్మితే టెక్సస్‌లో పడేంత దగ్గర.
పేరులో జలం, చుట్టూ ముళ్ళపొదలు.
నవ్వకు, అది మీ మాట కాదు, అన్నాడు ఒచోవా.
ఎప్పుడో పశువుల తొడల మీద కాల్చిన వాత,
మూడక్షరాలు.
నీళ్ళు ట్యాంకర్లలో వస్తాయి. అవీ ఉప్పనివే.

నా పని బురద.
కార్డు మీద ఇంజనీరని ఉంటుంది గాని
రిగ్గు మీద నన్ను పిలిచే పేరు మడ్.
మడ్, ఎంత బరువు? మడ్, ఎంత చిక్కన?
గరాటు నింపి, కింద అడ్డుపెట్టిన వేలు తీసి
పాత్ర నిండేదాకా క్షణాలు లెక్కపెట్టి చెబుతాను.

మొన్నటిదాకా ఉప్పు పొరలో ఉన్నాం.
ఇంకొక్క గల్లు కూడా కరగనంత ఉప్పు తాగించి
నీళ్ళని కిందికి పంపేవాళ్ళం.
అంత ఉప్పులో బంకమట్టి ముడుచుకుపోతుంది.
నిలబడేది పిండి.
మొక్కజొన్న పిండి, బంగాళాదుంప పిండి,
ఉబ్బి, సాగి, గోడ కన్నాలన్నిటికీ అడ్డంపడి
నీటిని బయటికి పోనివ్వదు.

నిన్న పైపు దించాం, సిమెంటు పోశాం.
కింద ఇసుకరాయి. దప్పిక రాయి.
ఇక పలచటి ఉప్పునీళ్ళు చాలన్నారు పెద్దలు.
పిండి కూడా మామూలుదే పంపారు,
బస్తాకి పదకొండు డాలర్లు మిగులుతాయని.

ఆగస్టు. రాత్రి రెండు.
తొట్టి పక్కన నడుస్తుంటే ముక్కు ఆగింది.
తరవాణి.
మూడోనాటి కుండ మూత తీసినట్టు.
ఉప్పు తగ్గిన ఊరగాయ ఏమవుతుందో
మా ఇంట్లో అందరికీ తెలుసు.
మిడ్లాండ్ ఆఫీసులో ఎవరికి తెలుసు?

సాయంత్రం లెక్క బాగానే ఉంది కదా, అన్నాడు కంపెనీ మనిషి,
నిద్ర కళ్ళతో, ఒక బూటుతో.
ఒచోవా తొట్టిలోకి వంగాడు.
బుడగలు. చిన్నవి, తొందర లేనివి.
మా అమ్మమ్మ అటోలే, అన్నాడు, పొయ్యి మీద మరిచిపోయింది.
కంపెనీ మనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.
కాగితం ముంచాను. రంగు మారింది.
మళ్ళీ పరీక్ష పెట్టాను:
ఆరు ఉండాల్సినచోట పద్నాలుగు.

సున్నం కలిపాం. పురుగుని చంపే మందు కలిపాం.
షెడ్డు వెనక పాత సరుకు దొరికింది, మార్చిన పిండి.
అదే గింజ, అవే గొలుసులు.
ఫ్యాక్టరీలో వాటి కొక్కేలకి ఇంకేదో తగిలించారు,
సూక్ష్మజీవికి నోరు సరిగ్గా ఆనదు.
బస్తా మీద పేరు మూరెడు. దులుపుతుంటే
కనురెప్పలు తెల్లబడ్డాయి అందరివీ.

ముప్పై నిమిషాలు ఒత్తిడి.
చుక్క. చాలాసేపటికి ఇంకో చుక్క.
అయిదున్నర.
మూత విప్పి కాగితం తీస్తే
దాని మీద పలచటి పొర, తళతళా.
టోర్టియా, అన్నాడు ఒచోవా.
కాదు, పూతరేకు, అన్నాను.
ఎవరం తినలేదు.

తెల్లారగట్ట కాఫీ తాగుతూ అతనికి చెప్పాను:
చీరాలలో మా వీధంతా పడుగుకి గంజి పెట్టేవాళ్ళు.
దారం దెబ్బలకు ఓర్చుకోవాలి కదా, మగ్గం మీద.
చీర కట్టాక?
మొదటి ఉతుకులో పోతుంది.
ఇదీ అంతే, అన్నాడు, నూనె రావాల్సిన రోజున
యాసిడ్ పోసి కడిగేస్తారు.
పోవడానికే పెట్టేది, అన్నాను.
అతను కప్పు అడుగు చూసుకున్నాడు.

రిపోర్టు రాశాను.
బరువుకి గడి ఉంది, చిక్కదనానికి ఉంది, ఉప్పుకి ఉంది.
వాసనకి లేదు.
చివర ఖాళీ గీత మీద తరవాణి అని రాశాను,
తెలుగులోనే.
ఉదయం మిడ్లాండ్ నుంచి ఫోను:
మడ్, ఆఖర్న ఆ గుండ్రటి గీతలేమిటి?
పెన్ను పనిచేస్తుందో లేదో చూశా, అన్నాను.